కింది గూట్లో లేని మాట

మొన్న ఆదివారం నా తమ్ముడి మనవడు ఇమ్రాన్ బోధన్ నుంచి వచ్చి, సంచిలోంచి ఒక ఆకుపచ్చ గలేబు తీసి నా ఒళ్ళో పెట్టాడు. విప్పకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. లోపల పలచగా దూది పరిచి, అడ్డంగా నిలువుగా కుట్లు వేసి పుస్తకానికి గలేబు కుట్టే మనిషి మా అవ్వ తప్ప ఆ ఊళ్ళో ఇంకెవరూ లేరు. "పుస్తకానికి సలి పెడ్తదా అవ్వా?" అని ఆమె కొడుకు, మా బాపు నవ్వేవాడు. "సలి కాదురా, దెబ్బ తగలొద్దని" అనేది అవ్వ. పాత ఇంటికి సున్నం వేయించడానికి సామాను తీస్తుంటే గూట్లో దొరికిందట. లోపల అదే ఉర్దూ హదీసు కితాబు, అదే చిరిగిన అట్ట, నడిమి పేజీల మీద అవ్వ వేళ్ళ పసుపు మరకలు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అరవై ఏళ్ళ నాటి వాసన ఏముంటుంది? అయినా నాకు మెంతికూర పోపు, కట్టెల పొగ, చెరుకు మడ్డి వాసన అన్నీ వచ్చాయి. ముసలితనంలో ముక్కు కూడా ఇష్టమొచ్చినట్టు మాట్లాడుతుంది.

ఇమ్రాన్ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడి గదిలో ఉండే ఇద్దరు దోస్తుల మధ్య వాడికి ఊపిరాడటం లేదు. ఒకడు ఖురాన్ ఒక్కటే చాలు, ప్రవక్త మాటలంటూ జనం చెప్పుకునేవి ఎవరికి కావాలంటాడు. ఇంకొకడు ఎవరేం చెప్పినా ఫోన్‌లో వెతికి, ఇది గట్టి హదీసు, ఇది బలహీనం, ఇది అసలు లేదు అని ముద్రలు కొడుతుంటాడు. చాయ్ గ్లాసు నా చేతికిస్తూ వాడు అడిగాడు: "నానమ్మా, హదీసులన్ని మస్తు ఏండ్లు నోటి మాటగనే నడిచినయంట గద. నడుమల ఎవరో ఒకరు అబద్ధం కలిపి ఉండరా?" నాకు పొలమారింది. వాడు నా వీపు తడుతూ రెండో మాట అన్నాడు. "అమ్మ ఎప్పుడు ఒక హదీసు చెప్తది. పొరుగింటికి పంపిన గిన్నె ఖాళీగనే వాపసు రావాలె, నింపి పంపితే పంపినోళ్ళ పుణ్యం పోతది అని. ఎంత దేవులాడినా దొర్కుతలేదు. అమ్మకు బడిల కరుణ టీచరమ్మ చెప్పిందంట. ఆమెకు మీ ఇంటికెల్లే వచ్చిందంట. ఈ కితాబుల ఏ పేజీల ఉన్నదో సూపియ్యి."

ఆ మాట ఏ పేజీలోనూ లేదు. దాన్ని పుట్టించింది నేను. పదకొండేళ్ళప్పుడు, ఇదే కితాబు ముందు కూర్చుని, ప్రవక్త చెప్పని మాటను ప్రవక్త చెప్పారని చదివాను. నడుమలో అబద్ధం కలిపిన ఆ ఎవరో ఒకరు వాడి ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నదని వాడికేం తెలుసు? చెబితే వాడికి హదీసుల మీద ఉన్న ఆ కాస్త నమ్మకమూ పోతుందేమోనని భయం వేసింది. చెప్పకపోతే నా అబద్ధం ఇంకో తరానికి పోతుంది. "ముందు అన్నం తిను బిడ్డా, తర్వాత చూపిస్త" అని లేచి వంటింట్లోకి పోయాను. లేచానే గానీ, పప్పులో ఉప్పు వేశానో లేదో ఇప్పటికీ తెలియదు.

మాది దూదేకుల ఇల్లు. నమాజు అరబ్బీలో, పుస్తకం ఉర్దూలో, కొట్లాట తెలుగులో. మా తాత దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగినవాడు. బాపు ఆ విల్లును అటక మీద పెట్టి చక్కెర కార్ఖానాలో చేరాడు. రసం మరిగించే పెద్ద బాణలి దగ్గర పని. సీజన్ మొదలైతే బోధన్ ఊరంతా ఒకటే వాసన, సగం బెల్లం వాసన, సగం పులిసిన మడ్డి వాసన. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవారు, మాకు మాత్రం అది లేకపోతే జ్వరమొచ్చినట్టుండేది. ఆరేసిన బట్టల మీద చిమ్నీ మసి నల్లగా రాలేది. చెరుకు బండ్లు మా గల్లీ మొగదల నుంచే పోయేవి. వెనక నుంచి గడ లాగితే అవ్వ చెవి మెలిపెట్టేది. తనే బండి ముందుకు పోయి నిలబడి, "అన్నా, నువ్వు నాటిన దాంట్ల పిట్ట తిన్నా, మనిషి తిన్నా నీకు దానం చేసిన పుణ్యమే అని మా ప్రవక్త చెప్పిండు. మా పొల్లకు ఒక గడ ఇస్తవా?" అని అడిగేది. బండి మనిషి నవ్వి రెండు ఇచ్చేవాడు. అడిగితే దానం, లాగితే దొంగతనం, అని నా చేతిలో పెడుతూ చెప్పేది.

మా ఇంట్లో వంటింటి గోడకు రెండు గూళ్ళుండేవి. పై గూట్లో ఖురాన్. దాన్ని ముట్టాలంటే ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవాలి, తల మీద కొంగు ఉండాలి, బాపు తప్ప ఇంకెవరూ దించకూడదు. కింది గూట్లో ఈ హదీసు కితాబు. ఇది మాత్రం చేతికందే ఎత్తులో, ఉప్పు డబ్బా పక్కనే. ఎందుకిట్లా అని ఒకసారి అడిగాను. మసీదులో మాకు ఉర్దూ అక్షరాలు నేర్పే మోల్సాబ్ చెప్పిన మాటను అవ్వ తన పద్ధతిలో చెప్పింది. "నమాజు సదువుమని పై గూట్ల ఉన్నది. ఎట్ల సదువాల్నో కింది గూట్ల ఉన్నది. దగ్గరి పొరుగోనికి, దూరపు పొరుగోనికి మంచి చెయ్యిమని పై గూట్ల ఉన్నది. ఎట్ల చెయ్యాల్నే అంటే, శేర్వాల ఇంకిన్ని నీళ్ళు పొయ్యిమని కింది గూట్ల ఉన్నది. పైది లేకుంటే దారి లేదు, కిందిది లేకుంటే నడక రాదు." అవ్వకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు.

మోల్సాబ్ ఇంకొకటి కూడా చెప్పేవాడు. హదీసంటే ప్రవక్త చెప్పింది ఒక్కటే కాదు, ఆయన చేసింది, ఎవరైనా చేస్తే చూసి ఊరుకున్నది కూడా అని. ఎవరు విన్నారో, ఎవరు ఎవరికి చెప్పారో పేర్లు ముందు చెప్పి, తర్వాతే మాట చెప్పాలని. అవ్వకు ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే, గల్లీ ముచ్చట్లకు కూడా దాన్నే వాడేది. ఫలానా వాళ్ళ కోడలు అలిగి పోయిందట అని ఎవరైనా వస్తే, "ఎవలు చెప్పిండ్రు? ఆమెకు ఎవలు చెప్పిండ్రు? నువ్వు సూసినవా, ఇన్నవా?" అని నిలదీసేది. మూడో ప్రశ్నకు సగం ముచ్చట్లు చచ్చిపోయేవి. మా గడప దగ్గరికి వచ్చి చాడీ చెప్పాలంటే సాక్షులతో రావాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోన్లలో తిరిగే మాటలు చూస్తుంటే, వీటి గుమ్మం దగ్గర మా అవ్వను కూర్చోబెడితే బాగుండునని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

జుమేరాత్ సాయంత్రం, అంటే గురువారం మగ్రిబ్ నమాజు తర్వాత, బాపు ఆ కితాబు దించి నాలుగైదు హదీసులు చదివి తెలుగులో అర్థం చెప్పేవాడు. అవ్వ చేతిలో ఏదో ఒక పని ఉండేది, పసుపు దంచడమో, మెంతికూర తుంచడమో. మధ్యలో "జర ఆగు, ఆ పేరు మల్ల సదువు" అని పసుపు వేలు పేజీ మీద పెట్టేది. మర్నాడు జుమ్మా. ఆ రోజు మా ఇంట్లో మాంసం. అవ్వ మాంసం పులుసులో, అదే శేర్వాలో, రెండు చెంబులు ఎక్కువ నీళ్ళు పోసి, కళాయి పూసిన ఇత్తడి గిన్నె నిండా తీసి, మూత పెట్టి పక్కింటికి పంపేది. ఆ గిన్నె అంచున ఒక సొట్ట ఉండేది. నేనే కింద పడేశాను. పక్కిల్లు సువార్తమ్మది. వాళ్ళు మెథడిస్టు చర్చికి పోయే క్రైస్తవులు. ఆమె భర్త ఏసుదాసు కార్ఖానాలో సీజన్ కూలీ. గానుగ ఆడినన్నాళ్ళే జీతం, మిగిలిన నెలలు పొలం పని. వాళ్ళ కూతురు కరుణ నా తరగతి, నా బెంచీ, నా సగం ప్రాణం. మా ఇద్దరినీ కొత్తగా తెరిచిన తెలుగు బడిలో వేశారు.

ఖాళీ గిన్నె వాపసు పంపకూడదని మా గల్లీ అంతా పాటించే మర్యాద. మతం ఏదైనా, ఇల్లు ఏదైనా, వచ్చిన గిన్నెలో ఏదో ఒకటి పెట్టే పంపాలి. సువార్తమ్మ పెసరపప్పు పంపేది, గుగ్గిళ్ళు పంపేది, క్రిస్మస్‌కు అరిసెలు పంపేది. అవ్వ గిన్నె అందుకోగానే ఆగలేక మూత తీసి చూసేది. ఏమొచ్చిందా అని చూసే ఆ చూపులో చిన్నపిల్ల ఆశ ఉండేది. నేను దాన్ని వెక్కిరించేదాన్ని.

ఆ యేడు సీజన్ అయిపోయాక వానలు ఆలస్యమయ్యాయి. నాట్లు లేవు, కూలి లేదు. ఒక జుమ్మా నాడు నేను గిన్నె తీసుకుపోతే సువార్తమ్మ గుమ్మంలోనే ఆపింది. "తిన్నం బిడ్డా. కడుపుల జాగ లేదు. పెద్దమ్మకు చెప్పు" అంది. రెండో జుమ్మా కూడా అదే మాట. మూడో జుమ్మా నాడు అవ్వ ముఖం మాడిపోయింది. "మన చేతి కూడు ఆమెకు కానిదయిందా? ఎవలన్న ఏమన్న చెప్పిండ్రా? ఇగ పంపకు. బతిమిలాడి తినిపిచ్చే కాలం కాదు" అని గిన్నెను గోడ పక్క బోర్లించింది. అంత సాక్షులడిగే మనిషి, తన మనసు నొచ్చినప్పుడు మాత్రం ఒక్క సాక్షిని కూడా అడగలేదు.

నిజం నాకు బడి నల్లా దగ్గర తెలిసింది. మధ్యాహ్నం గంట కొట్టాక కరుణ అన్నం తెచ్చుకోకుండా నీళ్ళు తాగుతూనే ఉంది. ఎందుకే అన్ని నీళ్ళు అని నవ్వాను. అది నవ్వలేదు. "గిన్నెల పెట్టి పంపనీకి ఇంట్ల ఏం లేదు. ఖాళీగ పంపితే ఇజ్జత్ పోతదని అమ్మ వద్దంటున్నది. ఎవ్వలకు చెప్పకు హుసేనీ. మీ అవ్వకు అసలే చెప్పకు. నా మీద ఒట్టు" అని నా చెయ్యి తన తల మీద పెట్టుకుంది. దాని తల వేడిగా ఉంది. ఆ రోజు నేను తెచ్చుకున్న రొట్టెలో సగం ఇస్తే కూడా తీసుకోలేదు. తల్లి బిడ్డే కదా.

ఆ వారం ఇంట్లో నేనూ అవ్వే ఉన్నాం. అమ్మ పురిటికి ఏర్గట్లలో పుట్టింటికి పోయింది. తమ్ముడు పుట్టాడని కబురొస్తే బాపు చూడటానికి పోయాడు. జుమేరాత్ వచ్చింది. "ఇయ్యాల నువ్వే సదువు పొల్లా. సదువుకున్నవు గద" అని అవ్వ కితాబు నా ముందు పెట్టింది. నేను పొంగిపోయాను. కూడబలుక్కుంటూ చదివాను. చదువుతూ చదువుతూ మేమందరం ఎన్నోసార్లు విన్న ఆ హదీసే వచ్చింది. ప్రవక్త అబూ జర్‌తో చెప్పిన మాట: శేర్వా వండితే నీళ్ళు ఎక్కువ పొయ్యి, నీ పొరుగువాళ్ళను చూసుకో. అక్కడ ఆగాలి. నేను ఆగలేదు. వేలు పేజీ మీదే ఉంచి, గొంతు మార్చకుండా, చదువుతున్నట్టే అన్నాను: "పంపిన గిన్నె ఖాళీగనే వాపసు రావాలె. అది నిండి వస్తే పంపినోళ్ళ పుణ్యం పోతది." అవ్వ చేతిలో రోకలి ఆగింది.

"గింత కాలం సంది మీ బాపు గీ ముక్క సదువనే లేదేందే?" అంది. "ఎనక పేజీల ఉంది అవ్వా" అన్నాను. ఒక అబద్ధానికి రెండోది తోడు. అవ్వ రోకలి పక్కన పెట్టింది. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "నేను మూత తీసి సూసేదాన్ని గద. ఏమొచ్చిందా అని సూసేదాన్ని" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఆ క్షణంలో సంతోషం తప్ప ఏమీ కలగలేదని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

మర్నాడు అవ్వే గిన్నె పట్టుకుని సువార్తమ్మ గుమ్మం ఎక్కింది. నేను కొంగు పట్టుకుని వెనక ఉన్నాను. "బిడ్డా సువార్తా, మా కితాబుల ఉన్నదంట, గిన్నె ఖాళీగనే రావాల్నంట. నువ్వు నింపి పంపితే నా సవాబు పోతదంట. గిన్ని దినాలు తెల్వక పోగొట్టుకున్న. ఇగ నా పుణ్యం చెడగొట్టకు" అంది. సువార్తమ్మ గిన్నె వంక, అవ్వ వంక మార్చి మార్చి చూసింది. "నిజంగనే మీ ప్రవక్త గట్ల చెప్పిండా పెద్దమ్మా?" అని అడిగింది. "మా పొల్ల సదివింది" అంది అవ్వ గర్వంగా. సువార్తమ్మ రెండు చేతులతో గిన్నె అందుకుంది. సాయంత్రం అది కడిగి, తుడిచి, ఖాళీగా వచ్చింది. సోమవారం బడిలో కరుణ నల్లా దగ్గరికి పోలేదు. నాకు ఊరేగింపు చేసినంత గొప్పగా అనిపించింది.

కానీ అవ్వ ఊరుకునే మనిషి కాదు. మంచి మాట దొరికితే దాచుకోదు. గల్లీలో మిగిలిన ఏడిండ్లకూ చెప్పి వచ్చింది. పదిహేను రోజుల్లో గల్లీలో గిన్నెలన్నీ ఖాళీగా తిరగడం మొదలుపెట్టాయి. బాపు ఏర్గట్ల నుంచి తిరిగొచ్చి మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు. ఒక జుమేరాత్ నాడు ఆయన చదివిన మాట నన్ను పట్టుకుంది. నా పేరు మీద తెలిసి అబద్ధం చెప్పినవాడు నరకంలో తన చోటు తాను చూసుకోవాలి, అని ప్రవక్త మాట. బాపు మామూలుగా చదివి పేజీ తిప్పాడు. నేను తిప్పలేకపోయాను. తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు, పొయ్యిలో మంట చూస్తే భయం. శనివారం మధ్యాహ్నం అవ్వ పరుపులో దూది కూరుతుంటే పోయి ఆమె కాళ్ళ మీద పడి చెప్పేశాను. అబద్ధం ఆడానని చెప్పాను గానీ ఎందుకు ఆడానో చెప్పలేదు. కరుణ మీద ఒట్టు ఉంది.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. దూది అంటిన చేతులు దులుపుకుని, కితాబు తెచ్చి నా ముందు తెరిచింది. "ఏ మాట దాక కితాబుది? ఏ మాట సంది నీది?" అని అడిగింది. చూపించాను. చదవడం రాని ఆ మనిషి ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "గిక్కడి దాకనే. గిక్కడి దాకనే" అని రెండుసార్లు అంది. తర్వాత లేచింది. "నడువ్. ఏడిండ్లకు నేను చెప్పిన, ఏడిండ్లకు నువ్వు చెప్పాలె. సువార్తకు సుత."

ఆ ఏడు గడపలు ఎక్కిన సిగ్గు నాకు ఇంకా గుర్తుంది. దెగ్లూర్ నుంచి వచ్చి స్థిరపడిన మరాఠీ శాంతాబాయి కడుపు పట్టుకుని నవ్వింది. ఒకామె, మా చుట్టాలకు కూడా చెప్పినం, ఇప్పుడేం చెయ్యాలని కసురుకుంది. నాలుగో ఇంటి ఆమె మాత్రం, "మంచి మాటే గద పెద్దమ్మా, ఉండనీ. ఏం పోతది?" అంది. అవ్వ ఒప్పుకోలేదు. "మంచి మాటయితే మంచిదని చెప్పుకో బిడ్డా. ఆయన చెప్పిండని మాత్రం చెప్పకు" అంది. హదీసుల గురించి తర్వాత నేను ఎంతో చదివాను, పండితుల వాదాలు విన్నాను. ఆ మాటను మించిన సూత్రం నాకు ఎక్కడా కనబడలేదు.

ఎనిమిదోది సువార్తమ్మ ఇల్లు. తలుపు ఓరగా ఉంది. అవ్వ తోసి నన్ను ముందుకు నెట్టింది. లోపల పొయ్యి చల్లారి ఉంది. కరుణా, దాని చిన్న తమ్ముడూ పళ్ళాల ముందు కూర్చుని ఉన్నారు. సువార్తమ్మ మా ఇత్తడి గిన్నెలో నిన్న మిగిల్చిన శేర్వాలో చెంబుతో నీళ్ళు పోస్తోంది. మమ్మల్ని చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. కరుణ నా వంక చూసింది, చెప్పేశావా అన్నట్టు. లేదని తల అడ్డంగా ఊపాను. అవ్వ గిన్నెను చూసింది, చల్లారిన పొయ్యిని చూసింది, పిల్లల్ని చూసింది. నా భుజం మీద ఉన్న ఆమె చెయ్యి ఒక్కసారి బిగిసి, వదులయింది. "ఏం లేదు బిడ్డా. గిన్నె నిమ్మళంగ పంపు, తొందరేం లేదు అని చెప్పనీకి వచ్చినం" అని నన్ను వెనక్కి తిప్పింది. ఇంటికొచ్చాక చాపమీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుని, "ఏడిండ్లకు నువ్వు జవాబు చెప్పినవు. గీ ఎనిమిదో ఇంటికి నేను చెప్పుకుంట, పైన" అంది. మోల్సాబ్ చెప్పిన మూడింటిలో మూడోది మా అవ్వ చేసింది. చూసి, ఊరుకుంది.

ఆ తర్వాతి జుమ్మా నుంచి శేర్వా ఎక్కువయింది, మాంసం ముక్కలు మా పళ్ళాల్లో తక్కువయ్యాయి. రెండేళ్ళకు ఏసుదాసు పర్మనెంటయ్యాడు. వాళ్ళ ఇంట్లో పెంకులు మారాయి, కరుణ టీచర్ ట్రైనింగుకు పోయింది. గిన్నె మాత్రం ప్రతి జుమ్మా పోయేది, కడిగి ఖాళీగా వచ్చేది. అవ్వ మూత తీసి, లోపల చూసి, బోర్లించేది. ఆ అలవాటు ఆమె పోయేదాకా మారలేదు. నేను పెళ్ళయి నిజామాబాద్ వచ్చేటప్పుడు ఇంకేమీ అడగకుండా ఆ గిన్నె అడిగి తెచ్చుకున్నాను. అది నా పాపం గిన్నె అని కాదు, నా పుణ్యం గిన్నె అని. నిజం చెప్పాలంటే, లోపల్లోపల నాకు గర్వమే ఉండేది.

ఇదంతా ఇమ్రాన్‌కు అన్నం పెట్టి చెప్పాను. వాడు ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి విన్నాడు. "ఇక నీ ఇష్టం బిడ్డా. నడుమల అబద్ధం కలిపినోళ్ళు ఉంటరా అన్నవు. ఉంటరు. నేనున్న" అన్నాను. వాడు చెయ్యి కడుక్కుని వచ్చి కితాబు తెరిచి ఆ పేజీ వెతికాడు. తర్వాత ఫోన్‌లో చూశాడు. రెండింటిలోనూ అబూ జర్ మాట అక్కడికే ఆగింది. "నానమ్మా, నువ్వు కలిపింది నోళ్ళల్లకు పోయింది గాని కితాబులకు ఎక్కలే. జల్లెడ పట్టెటోళ్ళు ఉన్నరు గద" అన్నాడు. వాడి ముఖంలో నేను భయపడినట్టు ఏదీ కూలిపోలేదు. పైగా ఏదో దొరికినట్టుంది. అంతలో ఫోన్ నా వైపు తిప్పి, "కాని ఇది చూడు. ప్రవక్త కానుక ఇస్తే తీసుకునేటోరు, బదులు ఇచ్చేటోరు అని ఆయెషా చెప్పింది. ఇది గట్టి హదీసు. నీది దీనికి ఉల్టా ఉన్నది" అన్నాడు. అంతవరకూ ఎప్పుడూ నా బుర్రకు తట్టని సంగతి అది. ఆ రోజంతా ఆ ఒక్క మాట నన్ను నమిలింది.

జుమ్మా నాడు శేర్వా వండాను. రెండు చెంబులు ఎక్కువ నీళ్ళు పోశాను. సొట్ట గిన్నెలో పోసి, మూత మీద గుడ్డ కట్టి, సెలవులని నా దగ్గరే ఉండిపోయిన ఇమ్రాన్‌ను వెంటబెట్టుకుని బోధన్ బస్సెక్కాను. ఎడపల్లి దాటితే ఒకప్పుడు మడ్డి వాసన ఎదురొచ్చి ఊళ్ళోకి పిలుచుకుపోయేది. ఇప్పుడు కార్ఖానా మూతపడింది, కిటికీలోంచి ఉత్త గాలి వచ్చింది. ఆ చెంబు నీళ్ళ రోజుల్లో మాకు ఏమీ లేదు, ఊరంతా తీపి వాసన ఉండేది. ఇప్పుడు గల్లీలో అన్నీ స్లాబు ఇళ్ళు, గేట్లు, గేట్లకు కుక్కల బొమ్మలు. గిన్నె చేత్తో పట్టుకుని పోయేవాళ్ళు ఒక్కరూ కనబడలేదు.

కరుణ రిటైరై పదేళ్ళు దాటింది. మోకాళ్ళు పట్టేసి కుర్చీలో కూర్చునే తలుపు తోసుకుని రమ్మని కేకేసింది. గిన్నె ఆమె ముందు పెట్టి, నిలబడే చెప్పాను. కూర్చుంటే మళ్ళీ వాయిదా వేస్తానని భయం. "కరుణా, ఖాళీ గిన్నె హదీసు అబద్ధమే. ప్రవక్త చెప్పలే. కితాబుల లేదు. మీ అమ్మ గిన్నె తీసుకోవాల్నని నేను కలిపిన. ఏడిండ్లకు నిజం చెప్పిన, మీ గడప కాడ నోరు రాలే." తేలికగా నవ్వుతుందనుకున్నాను. ఎంత మంచి పని చేశావే అంటుందనీ అనుకున్నాను, ఆ ఆశ లేదంటే మళ్ళీ అబద్ధమవుతుంది. ఆమె కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడిచింది.

"మా అమ్మకు చెప్పాల్సి ఉండె" అంది.

"అప్పుడు చెప్తే మీ అమ్మ తీసుకోకపోతుండె గదనే."

"అప్పుడు కాదు. నాయిన పర్మనెంట్ అయినంక. ఇంట్ల ఏం తక్వ ఉండె మాకు? క్రిస్మస్‌కు అరిసెలు చేసినప్పుడల్ల మీ గిన్నె ముంగట పెట్టుకొని కూసునేది. నాలుగు పెట్టేది, మల్ల తీసేది. పెద్దమ్మ పుణ్యం పోతది వద్దు అని కడిగి ఖాళీగ పంపేది. సచ్చేదాక గట్లనే పంపింది హుసేనీ. తీసుకునుడే గాని ఇచ్చుడు లేని ఇల్లయింది మాది. అది ఎంత కష్టమో నీకు తెల్వది."

అటు సువార్తమ్మ పెట్టి తీసేది. ఇటు అవ్వ మూత తీసి చూసి బోర్లించేది. నడుమ గోడ, ఆ గోడను కట్టింది నేను. మంచికే కట్టాను, ఆకలి తీరగానే కూల్చాల్సింది. ఆయన మాట కాదని ఒక్క ముక్క చెబితే కూలేది. మంచి మాటయితే మంచిదని చెప్పుకో, ఆయన చెప్పాడని చెప్పకు, అని అవ్వ ఎందుకన్నదో నాకు ఆ కుర్చీ ముందు, డెబ్బై దాటాక అర్థమయింది. ఏడ్చాను. కరుణ కూడా ఏడ్చింది. ఇమ్రాన్ ఏం చెయ్యాలో తెలియక ఫ్యాన్ వేశాడు.

కాసేపటికి కరుణ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. శేర్వా తన గిన్నెలోకి వంచుకుంది. నేను కడుగుతానంటే కడగనివ్వలేదు. సొట్ట గిన్నె తోమి, తుడిచి, లోపలికి పట్టుకుపోయింది. డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు వినిపించింది. మురుకులు, నువ్వుల లడ్డూలు, రెండు అరటిపండ్లు, ఇంకా జాగ ఉందని గుప్పెడు పల్లీలు. మూత పడలేదు. పైన ఆనించి గుడ్డ కట్టి నా చేతిలో పెట్టింది.

"మా అమ్మ పంపిందనుకో" అంది.

బస్సులో గిన్నె నా ఒళ్ళో పెట్టుకున్నాను. బరువుందా, నేను పట్టుకోనా అని ఇమ్రాన్ చెయ్యి చాపాడు. వద్దన్నాను. ఎడపల్లి దాటాక గుడ్డ ముడి విప్పి, అవ్వ చూసినట్టు, ఏమొచ్చిందా అని ఒకసారి మూత తీసి చూశాను.